కప్పు విప్పినా ఆగని టార్చి: ఆటోనగర్‌లో ఒక షాక్ కేసు

విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగు, కటింగు మెషిన్లు బాగుచేయడం నా పని. షాపులో ఏదైనా ప్రమాదం జరిగితే కారణం చూసి చెప్పమని కూడా పిలుస్తుంటారు. ఇది అలా పిలిస్తే వెళ్ళిన కేసే. షాపు పేరూ, మనుషుల పేర్లూ రాయడం లేదు. మిగతాదంతా రాస్తున్నాను. కరెంటు ఆర్క్‌తో, గాలితో లోహాన్ని కోసే ప్లాస్మా మెషిన్ ఇప్పుడు చిన్న షాపుల్లోకి కూడా వచ్చేసింది, దాన్ని పట్టుకునే చేతులు మాత్రం ఇంకా గ్యాస్ కటింగు అలవాటులోనే ఉన్నాయి.

షాపూ, మెషినూ

వంద అడుగుల రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే సందుల్లో ఒకదాంట్లో ఉంటుందీ షాపు. టిప్పర్ బాడీలు, వాటర్ ట్యాంకర్లు, పాత లారీల ఛాసిస్ మరమ్మతులు చేస్తారు. పదిమందికి పైగా పనివాళ్ళు. మేస్త్రి చిన్నప్పటి నుంచీ గ్యాస్ కటింగులో చెయ్యి తిరిగిన మనిషి. చాక్‌పీసు గీత దాటి పోడు. ఏడాది క్రితం ఓనరు గారు 100 ఆంపియర్ల త్రీఫేజ్ ఇన్వర్టర్ ప్లాస్మా కొన్నారు. కొన్న కారణాలు సరైనవే. గ్యాస్ మంటకు పల్చటి రేకు వంకర పోతుంది, ప్లాస్మాకు అంతగా పోదు. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం మామూలు గ్యాస్ కటింగుకు లొంగవు, దీనికి లొంగుతాయి. ఆక్సిజన్ సిలిండర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడక్కర్లేదు. కంప్రెసర్ గాలీ, కరెంటూ ఉంటే పని నడుస్తుంది.

సిలిండర్లు పోయాయి కాబట్టి ప్రమాదం కూడా పోయిందని షాపులో అందరూ అనుకున్నారు. కొంతవరకు నిజమే. మంట వెనక్కి పాకే ఫ్లాష్‌బ్యాక్ భయం లేదు, గ్యాస్ లీకు లేదు. కానీ టార్చి అంటే చేత్తో పట్టుకుని కోసే పరికరం. గ్యాస్ టార్చిలో అస్సలు లేనిది ఒకటి ప్లాస్మా టార్చిలో ఉంది. అది ఓల్టేజీ.

ఆ మధ్యాహ్నం

ఆగస్టు నెల. పొద్దున వాన పడి వెలిసింది, మధ్యాహ్నానికి ఒకటే ఉక్కపోత. మేస్త్రి ఒక టిప్పర్ ఛాసిస్ మీద క్రాస్ మెంబర్ కోస్తున్నాడు. కోత ఒక పక్కకు వాలుతోంది, కింద చిట్టెం ఎక్కువ పడుతోంది. టిప్ (ఆర్క్ బయటికొచ్చే రంధ్రం ఉన్న మొన) అరిగిందని అర్థమై, "తమ్ముడూ, టిప్పూ ఎలక్ట్రోడూ మార్చి పెట్టు" అని టార్చి హెల్పర్ చేతికిచ్చి టీ తాగడానికి బయటికి వెళ్ళాడు.

కుర్రాడు ఛాసిస్ మీదే కూర్చున్నాడు. మెషిన్ రిటర్న్ వైరు క్లాంపు ఉన్నదీ ఆ ఛాసిస్ మీదే. చొక్కా చెమటకు తడిసి ముద్దయి ఉంది. గ్లౌజులు తీసేశాడు, ఎందుకంటే ఆ మందపాటి తోలు గ్లౌజులతో వేలెడంత టిప్‌ను తిప్పడం కుదరదు. టార్చి పిడిని తొడ మీద ఆనించి, టిప్‌ను పట్టి ఉంచే మర కప్పు విప్పి పక్కన పెట్టి, టిప్ తీసి, ఎలక్ట్రోడ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పబోయాడు. ఆ తిప్పడంలో ట్రిగ్గర్ తొడకు ఒత్తుకుంది.

పక్కన గ్రైండర్ పట్టుకున్న మనిషి చూసేసరికి కుర్రాడు కింద పడి ఉన్నాడు. బొటనవేలు, చూపుడువేలు కొసల మీద తెల్లగా చిన్న చిన్న కాలిన మచ్చలు. పడ్డప్పుడు మోచేయి చర్మం లేచిపోయింది. రెండు నిమిషాల్లో లేచి కూర్చుని "బానే ఉంది అన్నా" అన్నాడట. అయినా ఓనరు గారు వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ తీశారు, రాత్రికి ఉంచుకుని గుండె లయ గమనించారు, మర్నాడు పంపించారు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. చేతిలోంచి ఒంట్లోకి కరెంటు పోయినప్పుడు మనిషి లేచి మాట్లాడుతున్నాడు కదా అని ఇంటికి పంపకూడదు.

మర్నాడు నాకు ఫోను. "మెషిన్ బాడీకి కరెంటు వస్తున్నట్టుందండీ. ఒకసారి చూడండి. ఎందుకైనా మంచిది, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్) కూడా పెట్టించేస్తాను."

బాడీకి రావడం లేదు

ముందు ఆయన అనుమానమే తీర్చాను. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే ఇన్సులేషన్ బాగుంది, బాడీకి ఏ కరెంటూ రావడం లేదు. అయితే బాడీకి ఎర్త్ వైరే కలపలేదు. ఛాసిస్‌కు క్లాంపు తగిలించాం కదా, చాలదా అనుకున్నారు. చాలదు. క్లాంపు కోత కరెంటు తిరిగి మెషిన్‌కు వచ్చే దారి. లోపల వైరు తెగి బాడీకి తగిలితే మనిషిని కాపాడేది బాడీ నుంచి ఎర్త్ పిట్ దాకా పోయే వైరు. రెండూ వేరు వేరు పనులు. ఇది తప్పే, సరిచేయించాను. కానీ కుర్రాడికి షాక్ కొట్టింది దీనివల్ల కాదు.

నేమ్‌ప్లేటు దగ్గర ఓనరు గారిని కూర్చోబెట్టి నో-లోడ్ ఓల్టేజీ, అంటే ఆర్క్ లేనప్పుడు ఉండే ఓల్టేజీ, చూపించాను. 300 ఓల్టుల డీసీ. మామూలు ఆర్క్ వెల్డింగు మెషిన్‌కు డీసీలో 113 ఓల్టులు దాటకూడదని ఐఈసీ 60974 ప్రమాణం హద్దు పెట్టింది. ప్లాస్మాకు ఆ హద్దు 500 దాకా సడలించింది, ఎందుకంటే గాలిని చీల్చుకుని ఆర్క్ నిలబడాలంటే అంత కావాలి. ఊరికే సడలించలేదు, షరతు పెట్టింది. టార్చి భాగాలు విప్పి ఉన్నప్పుడు ఆ ఓల్టేజీ రాకూడదు. అందుకే టార్చి తలలో కప్ సెన్సర్ ఉంటుంది. కప్పు పూర్తిగా బిగిస్తేనే చిన్న పిన్ను లోపలికి నొక్కుకుని రెండు సన్నటి వైర్లు కలుస్తాయి. కప్పు వదులైతే విడిపోతాయి, ట్రిగ్గర్ ఎంత నొక్కినా మెషిన్ పలకదు. అంటే సెన్సర్ అదనపు హంగు కాదు. అంత ఓల్టేజీని మనిషి చేతికి ఇవ్వడానికి అనుమతి దొరికిందే దాని మీద.

ఈఎల్‌సీబీ సంగతి కూడా అక్కడే చెప్పాను. పెట్టించండి, మంచిదే, కానీ ఈ షాక్‌ను అది ఆపేది కాదు. ఈఎల్‌సీబీ చూసేది మెయిన్ వైర్లలో పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని. ప్లాస్మా మెషిన్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, టార్చి వైపు సర్క్యూట్ మెయిన్ నుంచి విడిగా ఉంటుంది. ఎలక్ట్రోడ్ నుంచి కుర్రాడి వేళ్ళలోకి, ఒంట్లోంచి ఛాసిస్‌లోకి, క్లాంపు ద్వారా మళ్ళీ మెషిన్‌లోకి కరెంటు చుట్టు తిరిగింది. మెయిన్ వైపు తేడా ఏమీ కనపడదు. మనిషి ఆ చుట్టులో ఇరుక్కుని ఉన్నా ఈఎల్‌సీబీకి అంతా సవ్యంగానే ఉన్నట్టు.

మరి కప్పు విప్పి ఉన్న టార్చికి 300 ఓల్టులు ఎలా వచ్చాయి?

నల్ల టేపు కింద

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. టార్చి కొస దగ్గర మామూలు మల్టీమీటర్ పెట్టి ఓల్టేజీ చూద్దామని ఎవరూ అనుకోకండి. ఈ రకం మెషిన్లలో ఆర్క్ రాజేయడానికి వేల ఓల్టుల హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ కరెంటు) వస్తుంది. మీటరు పోతుంది, దాన్ని పట్టుకున్న మనిషికీ ప్రమాదమే. పైగా త్రీఫేజ్ మెషిన్ లోపలి కెపాసిటర్లలో 580 ఓల్టుల దాకా డీసీ నిలవ ఉంటుంది, స్విచ్ ఆపినా వెంటనే దిగదు. అందుకని మెయిన్ ఆపి, ప్లగ్గు పీకి, టీ తాగొచ్చాకే మూత తీస్తాను. తీశాక కెపాసిటర్ల మీద ఓల్టేజీ నిజంగా దిగిందో లేదో మీటరుతో చూసుకోకుండా లోపల చెయ్యి పెట్టను.

టార్చి కేబుల్‌ను మెషిన్ నుంచి విప్పి, కనెక్టర్‌లో సెన్సర్ పిన్నులు రెండింటి మధ్య మీటరును బజర్‌లో పెట్టాను. కప్పు బిగించి చూస్తే బీప్. కప్పు విప్పాక నిశ్శబ్దం రావాలి. బీప్ ఆగలేదు. కప్పు టేబుల్ మీద ఉంది, మీటరు మోగుతూనే ఉంది.

పిడి స్క్రూలు తీశాను. ట్రిగ్గర్ వెనక నల్ల టేపు చుట్టి ఉంది. టేపు ఒలిస్తే సెన్సర్‌కు పోయే రెండు వైర్లనూ మధ్యలో కత్తిరించి, మెషిన్ వైపు కొసలు రెండూ మెలేసి, పైన సీసం పెట్టి అతికించారు. నీటైన పని. చేసినవాడికి వైరింగు బాగా తెలుసు.

ఒక్కో ముడీ విప్పుకుంటూ

ఎవరు చేశారని అడిగితే ముందు ఎవరూ పలకలేదు. తర్వాత మేస్త్రే చెప్పాడు. జూలైలో మెషిన్ కోత మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఎర్ర లైటు వెలగడం, ఆర్క్ ఆరిపోవడం, కప్పు అటూ ఇటూ తిప్పితే మళ్ళీ రావడం. పార్టీ లారీ కోసం తొందరపెడుతున్నాడు. బయట నుంచి ఒక మెకానిక్ వచ్చి అరగంటలో "సెట్" చేసి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఆగలేదు. అందరూ సంతోషించారు.

నా దృష్టిలో ఆ మెకానిక్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే కేసు సగంలోనే ఆగిపోతుంది. మెషిన్ ఎందుకు ఆగుతోందో ఎవరూ అడగలేదు. నేను అక్కడి నుంచి వెనక్కి వెళ్ళాను.

వాడుతున్న కప్పు కంపెనీది కాదు, కాపీ. మర వదులు. చేత్తో పూర్తిగా బిగించినా ఊగుతోంది. పది నిమిషాలు కోశాక వేడికి ఇంకాస్త వదులై పిన్ను పైకి లేస్తుంది, సెన్సర్ తన పని తాను చేసి మెషిన్‌ను ఆపేస్తుంది. అంటే జూలైలో ఆగిన ప్రతిసారీ మెషిన్ చెప్పింది నిజమే.

కాపీ కప్పు ఎందుకు వాడారు? ఒరిజినల్ టిప్పులు, ఎలక్ట్రోడ్లు, కప్పులు కొనీ కొనీ ఓనరు గారికి విసుగొచ్చింది. పొద్దున వేసిన టిప్ సాయంత్రానికి పోయేది. "ఒరిజినల్ అయినా ఒక్క పూటే, కాపీ అయినా ఒక్క పూటే. ఎందుకండీ దండగ?" అన్నారు. లెక్క తప్పు కాదు. కానీ ఒరిజినల్ ఒక్క పూటలో ఎందుకు పోతోంది?

పాత ఎలక్ట్రోడ్లు ఒక డబ్బాలో పారేస్తుంటారు. తిరగేసి చూశాను. ఎలక్ట్రోడ్ మొనలో హాఫ్నియం అనే లోహపు చుక్క ఉంటుంది, ఆర్క్ పుట్టేది దాని మీదే. మామూలుగా అరిగితే మధ్యలో గుండ్రంగా నున్నటి గుంట పడుతుంది, సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతు వస్తే మార్చాలి. వీటిలో గుంట ఒక పక్కకు చీరుకుపోయి, చుట్టూ రాగి నల్లగా మాడి ఉంది. టిప్ రంధ్రం కూడా గుండ్రంగా లేదు, కోలగా అయింది. గాలిలో నీళ్ళు వస్తే ఇలాగే ఉంటుంది.

మెషిన్ మీద గాలి మాత్రమే వదిలే స్విచ్ ఉంది. ఆర్క్ లేకుండా గాలి వదిలి, టార్చి ముందు తెల్ల కాగితం పట్టాను. పది సెకన్లలో కాగితం మీద తడి చుక్కలు, వాటి చుట్టూ పసుపుపచ్చ నూనె మరకలు. ఓనరు గారికి మాటల్లో చెప్పేదానికన్నా ఆ కాగితం చేతికివ్వడం తేలికైంది.

కంప్రెసర్ షెడ్డు వెనక గోడవారగా ఉంది. ట్యాంకు కింద డ్రెయిన్ కాక్ తుప్పుపట్టి తిరగడమే లేదు. పైపు పానాతో తిప్పితే బక్కెట్‌లో సగం దాకా గోధుమరంగు నీళ్ళొచ్చాయి. ఇదేమీ వింత కాదు. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజు మన బెజవాడ గాలిలో ఘనపు మీటరుకు సుమారు 25 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. 7 బార్ల ఒత్తిడికి నొక్కితే ఆ గాలి ఎనిమిదో వంతు చోటులోకి వస్తుంది. చల్లారాక అంత చోటులో 4 గ్రాములకు మించి ఆవిరి నిలవదు, మిగతా 20 గ్రాముల పైచిలుకు నీరైపోతుంది. ఈ సైజు టార్చి నిమిషానికి 170 లీటర్ల దాకా గాలి తీసుకుంటుంది, అంటే గంటకు 10 ఘనపు మీటర్లు. లెక్కేస్తే గంటసేపు ఆపకుండా కోస్తే ఒక గ్లాసుడు నీళ్ళు. ఎక్కడో ఒకచోట బయటికి తీయకపోతే అవి టార్చిలోకే పోతాయి.

డ్రెయిన్ తిప్పలేదు కాబట్టి గాలిలో నీళ్ళు. నీళ్ళవల్ల టిప్పులు పూటలో పోయాయి. డబ్బులు దండగని కాపీ కప్పు వచ్చింది. కప్పు వదులై మెషిన్ ఆగింది. ఆగుతోందని సెన్సర్ తీసేశారు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

సెన్సర్ నేర్పిన అలవాటు

ఇంతా చేసి, టిప్ మార్చేముందు మెయిన్ ఆపి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మాన్యువల్‌లో మొదటి పేజీల్లోనే ఉంటుంది ఆ మాట. ఎందుకు ఆపలేదని కుర్రాడిని అడిగాను. వాడి సమాధానం నన్ను ఆలోచనలో పడేసింది. "కప్పు తీస్తే కరెంటు ఆగిపోద్ది కదన్నా. మొదట్లో మేస్త్రి నొక్కి చూపించాడు."

నిజమే. మెషిన్ కొత్తగా వచ్చినప్పుడు మేస్త్రి కప్పు విప్పి, ట్రిగ్గర్ నొక్కి, చూడండ్రా ఏమీ కాదు అని చూపించాడు. అప్పుడు ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి షాపులో ఎవరూ టిప్ మార్చడానికి మెయిన్ ఆపలేదు. సెన్సర్ మంచిగా పనిచేసినన్నాళ్ళూ ఆ అలవాటు బలపడింది. జూలైలో సెన్సర్ పోయింది, అలవాటు మిగిలింది. సెన్సర్ తీసేసిన సంగతి మేస్త్రికి తెలుసు, ఓనరు గారికి సగం తెలుసు, హెల్పర్‌కు అస్సలు తెలియదు. విప్పేది మాత్రం వాడే.

ఇంకొకటి కూడా చూశాను. మెయిన్ స్విచ్ ఎక్కడుంది? ఆఫీసు గది గోడకు, ముందు రేకులు పేర్చి ఉన్నాయి. ఆపాలంటే రేకుల మీదుగా వంగి చెయ్యి చాచాలి. టిప్పు మార్చిన ప్రతిసారీ అలా చేయమంటే నేనైనా విసుక్కుంటాను.

ఏం మార్చాం

టార్చి తల, పిడి కొత్తవి వేయించాను. అతికించిన వైర్లు విప్పి మళ్ళీ కలపొచ్చు, ఖర్చు తగ్గుతుంది. కానీ టార్చి వైర్ల మీద చేతి అతుకులు నాకు నమ్మకం లేదు. మెయిన్‌కు విడిగా ఐసొలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) తెచ్చి టార్చి వేలాడదీసే కొక్కెం పక్కనే, చెయ్యి చాస్తే అందేలా పెట్టించాం. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిన మార్పు ఇదేనని నా అభిప్రాయం. నియమం ఒక్కటే: ముందు ఐసొలేటర్, తర్వాత కప్పు. టార్చి ఇచ్చేవాడే ఆపి ఇవ్వాలి, తీసుకునేవాడు మళ్ళీ చూసుకోవాలి. టిప్ మార్చేటప్పుడు ఛాసిస్ మీద కూర్చోవడం బంద్. పక్కన చెక్క బల్ల వేశారు.

సెన్సర్‌ను ప్రతి సోమవారం పరీక్షిస్తారు. కప్పు విప్పి, టార్చి మొన మనుషులకూ ఛాసిస్‌కూ దూరంగా, దేనికీ ఆనకుండా పట్టుకుని, పొడి గ్లౌజుతో ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కాలి. ఎర్ర లైటు వెలగాలి, గాలి చప్పుడు కూడా రాకూడదు. గాలి వచ్చిందంటే అప్పుడే మెయిన్ ఆపి నాకు ఫోను చేయాలి. కోత మధ్యలో మెషిన్ దానంతటదే ఆగితే కారణం తెలిసేదాకా పని ఆపాలన్నది ఓనరు గారు స్వయంగా గోడ మీద రాయించిన మాట.

గాలి వైపు: కొత్త డ్రెయిన్ వాల్వు, పొద్దునా మధ్యాహ్నం తెరవడం, మెషిన్‌కు ముందు నీళ్ళూ నూనే పట్టే ఫిల్టర్లు, కంప్రెసర్‌ను ఎండ గోడ నుంచి నీడకు మార్చడం. తర్వాత ఎయిర్ డ్రయర్ కూడా కొన్నారు. టిప్పుల మీద మిగిలే డబ్బుతో దాని ఖర్చు తీరుతుందని లెక్క వేసి చూపించాక ఒప్పుకున్నారు. భద్రత కోసం కొనమంటే ఏడాదైనా కొనేవారు కాదేమో.

గ్లౌజుల దగ్గర అంత సాఫీగా జరగలేదు. వానాకాలం చెమటకు తోలు గ్లౌజు గంటలో తడిసిపోతుంది, తడి గ్లౌజు షాక్ ఆపదు. మనిషికి రెండు జతలు ఇచ్చి, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వేసుకోమన్నాం. కొందరు పాటిస్తున్నారు. కొందరు రెండూ పక్కన పెట్టి ఉత్త చేతులతోనే కోస్తున్నారు.

అదే షాపులో కనపడిన మిగతావి

షాక్ కోసం వెళ్ళినా, ఆ షాపులో ప్రాణం మీదికి తెచ్చే పని ఇంకొకటి నా కళ్ళ ముందే జరగబోయింది. పాత లారీ డీజిల్ ట్యాంకు, లీకు దగ్గర కోసి అతుకు వేయడానికి బల్ల మీద పెట్టారు. ఖాళీ చేశారు, పాత గుడ్డతో తుడిచారు. "డీజిల్ కదండీ, పెట్రోలు కాదు, అంటుకోదు" అన్నాడు మేస్త్రి. మన దేశంలో అమ్మే డీజిల్ ఫ్లాష్ పాయింటు, అంటే ఆవిరి నిప్పుకు అంటుకునే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 1460 చెబుతుంది. అంతకు ఎక్కువే ఉండొచ్చు, కానీ హామీ 35కే. మే నెలలో బెజవాడలో నీడలోనే 40 దాటుతుంది, ఎండలో పెట్టిన ఇనప ట్యాంకు లోపల ఇంకెంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అంటే నిప్పు తగిలితే మండే ఆవిరి లోపల తయారుగా ఉండొచ్చు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఆవిరికి కావలసిన గాలి ఖాళీలోనే దొరుకుతుంది. అప్పటిదాకా ఆవిరి లేకపోయినా, టార్చి వేడికి గోడల్ని పట్టుకున్న జిడ్డు ఆవిరౌతుంది.

ట్యాంకులోకి లారీ సైలెన్సర్ పొగ కాసేపు పంపించి కోసే అలవాటు కూడా ఉంది. పొగ ఉంటే ఆక్సిజన్ ఉండదనే నమ్మకం. ఊరికే తిరుగుతున్న డీజిల్ ఇంజన్ పొగలో ఆక్సిజన్ మామూలు గాలికి కొద్దిగానే తక్కువ. దాన్ని నమ్ముకుని కోస్తే ఏ రక్షణా లేనట్టే. ఫ్యాక్టరీల చట్టం 1948 (2025లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది), సెక్షన్ 37 ఈ విషయంలో సూటిగా ఉండేది: పేలే లేదా మండే పదార్థం ఉన్న ట్యాంకును, ఆ పదార్థాన్నీ ఆవిరినీ పూర్తిగా తొలగించకుండా, లేదా పేలని స్థితికి తేకుండా వెల్డింగు గానీ వేడితో కోయడం గానీ చేయకూడదు. ఆవిరి పట్టి కడగడం, కోసే చోటు కిందిదాకా నీళ్ళు నింపి పై మూతలు తెరిచి ఉంచడం, గ్యాస్ మీటరుతో చూడడం, ఇవన్నీ సరిగ్గా చేసేవాళ్ళు చేయొచ్చు. ఈ షాపుకు ఆ సరంజామా లేదు. అందుకని డీజిల్ ట్యాంకులు అసలు కోయకూడదని తీర్మానించారు. పాతది పారేసి కొత్తది చేసి ఇస్తున్నారు. పార్టీలు కొందరు గొణుగుతూ పక్క షాపుకు పోతున్నారు.

వాటర్ ట్యాంకర్‌లో పేలే భయం లేదు, ఊపిరి భయం ఉంది. గాలితో నడిచే ప్లాస్మాలో గాలిలోని నైట్రోజనూ ఆక్సిజనూ ఆ వేడికి కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆరుబయట అయితే చెదిరిపోతుంది. ట్యాంకర్ లోపల మనిషి దూరి కోస్తే అక్కడే పోగవుతుంది. దీనితో వచ్చిన చిక్కేమిటంటే పీల్చినప్పుడు కొంచెం దగ్గు, గొంతు మంట తప్ప పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. మనిషి ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటాడు. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడదు. ఏమీ కాదులే అనుకునే లోపు ప్రాణం మీదికొస్తుంది. ట్యాంకర్ లోపల కోసిన రోజు రాత్రి ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలనీ, అక్కడ డాక్టరుకు కోత సంగతి చెప్పాలనీ ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పమన్నాను. లోపల పని ఉంటే పొగను బయటికి లాగే ఫ్యానూ గొట్టం, బయట మ్యాన్‌హోల్ దగ్గర వేరే పని లేని ఒక మనిషి, లోపల 24 ఓల్టులు మించని లైటు. ఇవి ఆ ఫ్యాక్టరీల చట్టంలో ఉండినవే, సెక్షన్ 36, 36ఏ. వీలైనంతవరకు రేకులు బయటే కోసి లోపల అతకడమే నయం, ఇప్పుడు అలాగే చేస్తున్నారు.

గాల్వనైజ్డ్ రేకు కోసిన సాయంత్రం చలిజ్వరం రావడం షాపులో అందరికీ అనుభవమే. అది జింకు పొగవల్ల వచ్చే జ్వరం, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. దానికి పాలూ, బెల్లమూ మందంటారు. పాలు పొట్టలోకి పోతాయి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి. పెడెస్టల్ ఫ్యాను ఉన్నా దాన్ని వీపు వెనక పెడుతున్నారు, దానివల్ల మనిషి ముందు గాలి సుడి తిరిగి పొగ మొహంలోకే వస్తుంది. పక్క నుంచి అడ్డంగా వీచేలా జరిపించాను. పొగ లాగే మెషిన్ కొనమంటే మాత్రం "చూద్దాం లెండి" దగ్గరే ఉంది. స్టెయిన్‌లెస్ ఎక్కువగా కోసే షాపు అయితే నేను ఊరుకునేవాణ్ణి కాదు, ఆ పొగలో క్యాన్సర్ తెచ్చే రకం క్రోమియం ఉంటుంది.

కళ్ళ సంగతి చిన్నదే కానీ అందరూ తప్పు చేసేది. గ్యాస్ కటింగు పచ్చ గాగుల్స్ షేడ్ (అద్దం నలుపు అంకె) 5. ప్లాస్మాకు 40 ఆంపియర్ల దాకా అది సరిపోతుంది. 80 దాటితే కనీసం షేడ్ 8, కళ్ళకు హాయిగా ఉండాలంటే 9. మేస్త్రి 100 ఆంపియర్లకూ పాత గాగుల్సే పెట్టుకుంటున్నాడు, మెడ, చెంపలు కమిలి ఉన్నాయి. హెల్పర్లకు అదీ లేదు. రాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటే టమాటా ముక్కలు పెట్టుకుంటున్నారు. షేడ్ 9 ఫేస్ షీల్డులు తెప్పించారు, పక్కవాళ్ళకు అడ్డుగా తెర కట్టారు. బ్రేకులు కడిగే క్లోరిన్ రకం క్లీనర్ డబ్బా టార్చి దగ్గర కనపడితే అక్కడి నుంచి తీయించేశాను. ఆ ఆవిరి మీద ఆర్క్ వెలుతురు పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, దానితో కడిగిన భాగాన్ని తడి ఆరకుండా కోయకూడదు.

తర్వాత

సంక్రాంతి దాటాక మళ్ళీ చూశాను. సోమవారం పరీక్ష జరుగుతోంది, మేస్త్రి పుస్తకంలో టిక్కులు పెడుతున్నాడు. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టినట్టు అనుమానం వచ్చి నా ముందే చేయించాను. సెన్సర్ బాగానే పనిచేసింది. టిప్పులు ఇప్పుడు రోజుల తరబడి నిలుస్తున్నాయి, కాపీ కప్పులు కొనడం మానేశారు. కుర్రాడు పనిలోనే ఉన్నాడు. టార్చి చేతికిస్తే ముందు ఐసొలేటర్ వైపు చూస్తున్నాడు. వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చిక్కల్లా రెండో మెషిన్‌తోనే. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డు పని ఒప్పుకుని, సైటుకు తీసుకెళ్ళడానికి ఓనరు గారు చవకలో ఇంకో చిన్న ప్లాస్మా కొన్నారు. దాని టార్చి విప్పి చూశాను. కప్ సెన్సర్ తీసేయడం కాదు, అసలు పెట్టనే లేదు. వైర్లూ లేవు, పిన్నూ లేదు, కప్పు లేకపోయినా ట్రిగ్గర్ నొక్కితే పలుకుతుంది. నేను పైన చెప్పిన ప్రమాణం ప్రకారం అది చేతికి ఇవ్వాల్సిన మెషినే కాదు. సెన్సర్ ఉన్న టార్చి బిగిద్దామంటే మెషిన్ లోపల దాన్ని చదివే సర్క్యూట్ లేదు. ప్రస్తుతానికి ట్రిగ్గర్ మీద వేలితో ఎత్తితే తప్ప నొక్కుకోని గార్డు బిగించాను, టార్చి కేబుల్‌కే ఐసొలేటర్ తాళం చెవి కట్టించాను, మెయిన్ ఆపి తాళం తీస్తే గానీ చెవి చేతికి రాదు. సైటులో మాత్రం దాన్ని మేస్త్రి తప్ప ఎవరూ ముట్టకూడదన్నాం. షెడ్డు పని అయిపోగానే మార్చేస్తానని ఓనరు గారు అన్నారు. షెడ్డు పని ఇంకా నడుస్తోంది.